నాలుగు వందల లింకులు, ఒక తప్పు చందమామ

ఉత్తరం రాసినావిడ సైన్స్ టీచర్. పదకొండేళ్ల సర్వీసు. ఎనిమిది నుంచి పది దాకా పాఠాలు చెబుతారు. పేరూ ఊరూ వేయవద్దని కోరారు. ఆరు పేజీల ఉత్తరం, సారాంశం ఇది.

రెండేళ్ల కిందట వాళ్ల తరగతి గదుల్లో ప్రొజెక్టర్లు పెట్టారు. అప్పట్నుంచి ప్రతి పీరియడ్‌లో తెర మీద ఏదో ఒకటి చూపించాలని హెడ్‌మాస్టర్ గారి పట్టు. కొనడానికి స్కూలు దగ్గర డబ్బు లేదు. "నెట్‌లో అంతా ఫ్రీయే కదమ్మా" అన్నారట. ఆ మాట పట్టుకుని ఈవిడ రోజూ ఇంట్లో పిల్లలు పడుకున్నాక ల్యాప్‌టాప్ తెరిచి ఒంటిగంట దాకా వెతుకుతున్నారు. ఇప్పటికి నాలుగు వందలకు పైగా లింకులు దాచుకున్నారు. వాటిలో సగం తెరిచి చూడనే లేదు. తెరిచినవాటిలో కొన్ని కార్డు నంబరు అడుగుతాయి, కొన్ని పది రోజులే ఉచితం అంటాయి, కొన్ని ఇప్పుడు లేనే లేవు. బాగున్నాయనిపించినవి ఇంగ్లీషులో ఉన్నాయి, పిల్లలది తెలుగు మీడియం. స్కూల్లో నెట్ ఎప్పుడు ఉంటుందో ఎప్పుడు పోతుందో తెలియదు. "పాఠం నువ్వు చెబుతున్నావా, గూగుల్ చెబుతోందా?" అని భర్త ఎగతాళి.

ఇదంతా ఒక ఎత్తు, మూడు వారాల కిందట జరిగింది ఒక ఎత్తు. ఎనిమిదో తరగతిలో చంద్రకళల మీద ఒక వీడియో వేశారు. బొమ్మలు బాగున్నాయి, సంగీతం బాగుంది, లక్షల మంది చూసిన వీడియో. భూమి నీడ చంద్రుడి మీద పడటం వల్ల నెలవంక ఏర్పడుతుందని అందులో చెప్పారు. వెనక బెంచీ అబ్బాయి లేచి, "టీచర్, సగం చంద్రుడు ఒక్కోసారి పగలే కనిపిస్తాడు కదా, సూర్యుడు కూడా అప్పుడు ఆకాశంలోనే ఉంటాడు. మరి మన నీడ చంద్రుడి మీద ఎలా పడుతుంది?" అని అడిగాడు. ఈవిడకు నోట మాట రాలేదు. "తర్వాత చూద్దాం, కూర్చో" అన్నారు. ఇంతవరకు చూడలేదు. ఆ క్లాసులోకి వెళ్లాలంటేనే కాళ్లు వెనక్కి లాగుతున్నాయట.

చాలదన్నట్టు, ఈవిడ తయారుచేసిన స్లైడ్లు టీచర్ల గ్రూపులో పెడితే తోటి మాస్టారు ఒకాయన స్టాఫ్‌రూమ్‌లో అందరి ముందూ, "ఎవరివో బొమ్మలు ఎత్తుకొచ్చి మీ పేరు వేసుకుంటే ఎలా మేడమ్?" అన్నారు. ఆ రోజంతా ఏడుపొచ్చిందని రాశారు.

చివర్లో అడిగింది ఇది: "తప్పుల్లేని, పూర్తిగా ఉచితమైన ఒక్క వెబ్‌సైట్ పేరు చెప్పండి. ఇక దాన్నే పట్టుకుని ఉంటాను. లేదంటే ఆ ప్రొజెక్టర్ ముట్టుకోనని హెడ్‌మాస్టర్ గారికి చెప్పేస్తాను."

టీచర్ గారూ,

మీ ఉత్తరంలో మూడు వేరువేరు సంగతులు ఒకే ముడిగా బిగుసుకుపోయాయి. వెతకడం అలవాటు కాకపోవడం ఒకటి. ఒక తప్పు వీడియో వేయడం ఇంకొకటి. ఇతరుల బొమ్మలు వాడుకునే పద్ధతి తెలియకపోవడం మూడోది. మూడింటినీ కలిపి మీరు "నాకు చేతకాదు" అని ఒకే పేరు పెట్టుకున్నారు. విడదీసి చూస్తే ఏ ఒక్కటీ అంత పెద్దది కాదు.

ముందు ఆ అబ్బాయి సంగతి. ఎందుకంటే మీకు నిద్ర పట్టకపోవడానికి అసలు కారణం ఆ నాలుగు వందల లింకులు కావనుకుంటున్నాను.

వాడు అడిగింది చాలా మంచి ప్రశ్న. భూమి నీడ ఎప్పుడూ సూర్యుడికి ఎదురు దిక్కున పడుతుంది. సగం చంద్రుడు కనిపించే రోజున మన దగ్గర నుంచి చూస్తే చంద్రుడు, సూర్యుడు ఒకరికొకరు సుమారు 90 డిగ్రీల ఎడంలో ఉంటారు. నీడ అటుపక్క ఉండే ప్రసక్తే లేదు. చంద్రుడిలో సగభాగం మీద ఎప్పుడూ ఎండ ఉంటుంది. దాదాపు 29.5 రోజుల తిరుగుడులో ఆ వెలుగు సగాన్ని మనం ఏ పక్క నుంచి చూస్తున్నామన్నదే చంద్రకళ. నీడ పడేది గ్రహణం నాడే. చంద్రుడి దారి సుమారు 5 డిగ్రీలు వాలి ఉండబట్టి ప్రతి పున్నమికీ గ్రహణం రాదు. ఇవన్నీ మీకు తెలుసు, డిగ్రీలో చదువుకున్నవే. ఆ క్షణంలో గుర్తు రాలేదు, అంతే. తెర మీద అంత చక్కగా చెబుతుంటే మన తెలివి కాసేపు పక్కకు తప్పుకుంటుంది. అది మీ ఒక్కరి జబ్బు కాదు.

నా సంగతి చెబుతాను. నీళ్లున్న పళ్లెంలో కొవ్వొత్తి వెలిగించి పైన గ్లాసు బోర్లిస్తే నీళ్లు పైకెక్కుతాయి కదా, ఆక్సిజన్ ఖర్చయిపోయింది కాబట్టి ఐదో వంతు దాకా ఎక్కుతాయని నేను చాలా ఏళ్లు చెప్పాను. ఒక పిల్ల, "మరి మంట వెలుగుతున్నంతసేపూ ఎక్కకుండా ఆరిపోగానే ఒక్కసారి ఎందుకు ఎక్కాయి?" అని అడిగేదాకా నాకు అనుమానమే రాలేదు. వేడికి వ్యాకోచించిన గాలి కొంత బయటికి పోతుంది, మంట ఆరాక మిగిలిన గాలి చల్లబడి కుదించుకుంటుంది, అందుకే నీళ్లు లోపలికి వస్తాయి. రెండు మూడు కొవ్వొత్తులు పెడితే ఇంకా ఎత్తుకు ఎక్కుతాయి. గ్లాసులో ఆక్సిజన్ మాత్రం అంతే ఉంది కదా. పైగా ఆక్సిజన్ అంతా అయిపోకముందే మంట ఆరిపోతుంది.

కాబట్టి ఆ క్లాసులో మీరేం చేయవచ్చు? ఒక దారి, ఆ విషయం ఎత్తకుండా తర్వాతి పాఠానికి వెళ్లిపోవడం. మూడు వారాలుగా చేస్తున్నది అదే. దానివల్ల పిల్లలు మరిచిపోతారని అనుకోకండి. ఆ నీడ కథ వాళ్ల బుర్రల్లో ఉండిపోతుంది. ప్రశ్న అడిగితే టీచర్‌కు నచ్చదన్న సంగతి కూడా పక్కనే ఉండిపోతుంది. రెండో దారి, సరైన వీడియో ఒకటి వెతికి వేసేసి ఊరుకోవడం. తప్పు సరిదిద్దినట్టే ఉంటుంది గానీ, ఒక వీడియో తప్పు అయినప్పుడు ఇంకోటి ఎందుకు ఒప్పు అన్నది పిల్లలకు తేలదు. మూడోది కాస్త మనసు గట్టి చేసుకోవాల్సిన దారి. "ఆ రోజు వీడియో తప్పు, నేను చూసుకోలేదు, నీ ప్రశ్న సరైనది" అని చెప్పి, గది చీకటి చేసి, మధ్యలో ఒక బల్బు పెట్టి, ఒక్కొక్కరి చేతికి పెన్సిల్‌కు గుచ్చిన బంతి ఇవ్వడం. బల్బు సూర్యుడు, పిల్లవాడి తల భూమి, బంతి చంద్రుడు. చెయ్యి చాచి బంతిని చూస్తూ నిలుచున్నచోటే ఒక చుట్టు తిరిగితే నెలవంక నుంచి పున్నమి దాకా కళలన్నీ వాళ్లకే కనిపిస్తాయి. బంతి తన తల నీడలో పడ్డప్పుడు అది గ్రహణమని వాళ్లే అంటారు. పది నిమిషాల పని. నెట్ అక్కర్లేదు, ప్రొజెక్టర్ అక్కర్లేదు.

ఇక తెర ఎందుకంటారా? దాని పని ఆ తర్వాత ఉంది. స్టెల్లేరియం అని ఒక ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. ఎక్కడి నుంచి, ఏ రోజు, ఏ గంటకు చూస్తే ఆకాశం ఎలా ఉంటుందో చూపిస్తుంది. కంప్యూటర్‌లో ఎక్కించుకుంటే నెట్ లేకపోయినా నడుస్తుంది. పగలే సగం చంద్రుడు కనిపించే రోజును అందులో పెట్టి, సూర్యుడు ఎక్కడున్నాడో చంద్రుడు ఎక్కడున్నాడో పిల్లల చేతే వేలు పెట్టి చూపించమనండి. నాసా వాళ్లు కూడా ఏటా ఆ సంవత్సరమంతా చంద్రుడు గంట గంటకూ ఎలా కనిపిస్తాడో బొమ్మలు కట్టి ఉచితంగా పెడతారు. బంతితో చేసింది నిజమేనా అని సరిచూసుకోవడానికి ఇవి పనికొస్తాయి. బంతి కంటే ముందు వీటిని చూపిస్తే మాత్రం మళ్లీ ఇంకో వీడియో చూసినట్టే అవుతుంది.

ఇప్పుడు వెతకడం గురించి. మీరు రోజూ మూడు గంటలు వెతుకుతున్నారు, దేనికోసం అన్నది మాత్రం మీ ఆరు పేజీల్లో ఎక్కడా లేదు. 'విద్యుత్తు పాఠానికి మంచి వీడియో' అని వెతికితే పది వేలు వస్తాయి. 'బల్బు కరెంటును తినేస్తుందని, అందుకే రెండో బల్బుకు తక్కువ వెళుతుందని మా పిల్లలు అనుకుంటున్నారు' అన్న దగ్గర మొదలుపెట్టండి, వెతకాల్సింది చాలా చిన్నదైపోతుంది. పాఠం మొత్తానికి కాదు, పాఠంలో పిల్లలు ఎక్కడ తట్టుకుని పడతారో ఆ ఒక్క చోటికి వెతకండి. ఆ చోట్లు మీకు తెలుసు. పదకొండేళ్లుగా జవాబు పత్రాల్లో దిద్దుతున్నారు కదా.

ఆ కరెంటు ఉదాహరణే తీసుకుందాం. ఫెట్ అనే సిమ్యులేషన్లు ఉన్నాయి, అంటే తెర మీద మనమే కదిలించి చూసుకునే నమూనా ప్రయోగాలు. నోబెల్ పొందిన భౌతిక శాస్త్రవేత్త కార్ల్ వీమన్ 2002లో కొలరాడో విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టారు. భౌతిక, రసాయన, జీవ శాస్త్రాలు, గణితం కలిపి ఇప్పుడు 150కి పైగా ఉన్నాయి. డబ్బు అడగరు, పిల్లలు పేరు నమోదు చేసుకోనక్కర్లేదు. చాలావరకు దించుకుని నెట్ లేకుండా వాడుకోవచ్చు. తెలుగులోకి వచ్చినవీ ఉన్నాయి. అందులో సర్క్యూట్ కట్టే పెట్టె ఒకటి ఉంది. బ్యాటరీ, రెండు బల్బులు వరసగా కలిపి, కరెంటును కొలిచే అమ్మీటరును మొదటి బల్బుకు ముందు ఒకసారి, రెండు బల్బుల మధ్య ఒకసారి, చివర ఒకసారి పెట్టి చూడమనండి. మీటరు నొక్కే ముందు ఎంత వస్తుందో ప్రతి ఒక్కరూ కాగితం మీద రాయాలి. ఈ నియమం మరిచిపోకండి. రాశాక మూడు చోట్లా ఒకే అంకె వస్తే అప్పుడు తరగతిలో పుట్టే గోల వినాలి. రాయించకుండా చూపిస్తే "ఓహో" అని ఊరుకుంటారు.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. సిమ్యులేషన్‌లో ఎలక్ట్రాన్లు చిన్న గోళీల్లా కదులుతూ కనిపిస్తాయి. నిజంగా అలాగే ఉంటాయని పిల్లలు నమ్మేస్తారు. ప్రతి బొమ్మా ఏదో ఒకటి సరిగ్గా చూపించడం కోసం ఇంకేదో అబద్ధం చెబుతుంది. సౌరకుటుంబం బొమ్మల్లో గ్రహాల సైజు, దూరం రెండూ ఒకేసారి నిజం కాలేవు. 'ఈ బొమ్మలో అబద్ధం ఏది?' అని అడగటం అలవాటు చేయండి. చేతిలో నిజం బల్బు, తీగ, సెల్ ఉంటే ముందు అవే. సిమ్యులేషన్ రెండోది.

ఒక్క వెబ్‌సైట్ పేరు అడిగారు. ఒక్కటి చెప్పలేను. తప్పుల్లేనిది ఒక్కటి ఉంటే అందరం అక్కడే ఉండేవాళ్లం. కానీ నాలుగు వందలు అక్కర్లేదు, నాలుగు చాలు. చేసి చూడటానికి ఫెట్. ఆకాశానికి స్టెల్లేరియం, నాసా. మీ సొంత చదువుకు ఓపెన్‌స్టాక్స్. అది రైస్ విశ్వవిద్యాలయం వాళ్లది, కాలేజీ స్థాయి పాఠ్యపుస్తకాలు మొత్తంగా ఉచితం. క్లాసుకు వెళ్లే ముందు అసలు సంగతి తెలుసుకోవడానికి మీకు, పిల్లలకు కాదు. జీవశాస్త్రానికి హెచ్‌హెచ్‌ఎంఐ (హోవార్డ్ హ్యూస్ మెడికల్ ఇన్‌స్టిట్యూట్) వాళ్ల బయోఇంటరాక్టివ్ అనే సైట్ బాగుంటుంది. పై తరగతుల స్థాయి, మీరు కాస్త తగ్గించి చెప్పుకోవాలి. ఖాన్ అకాడమీలో లెక్కలు చేయించడం బాగుంటుంది గానీ, నాకెందుకో సైన్స్‌కు వీడియో కంటే చేత్తో కదిలించేదే ఎక్కువ పనిచేస్తుందనిపిస్తుంది. మీ అనుభవం వేరైతే మీ అనుభవాన్నే నమ్మండి.

కొత్త చానెలో కొత్త సైటో కంట పడితే నమ్మాలా వద్దా అన్నది ఎలా తేల్చుకోవాలి? ఎంతమంది చూశారన్నది పక్కన పెట్టండి. మీకు బాగా తెలిసిన ఒక కష్టమైన చోట దాన్ని పరీక్షించండి. కొవ్వొత్తి ప్రయోగం ఎలా చెప్పారో చూడండి. రుతువులు భూమి సూర్యుడికి దగ్గరగా దూరంగా జరగడం వల్ల వస్తాయన్నారా చూడండి. భూమి సూర్యుడికి అతి దగ్గరగా ఉండేది జనవరి మొదట్లో, అప్పుడు దూరం సుమారు 14.7 కోట్ల కిలోమీటర్లు. జూలైలో సుమారు 15.2 కోట్లు. దూరమే కారణమైతే భూగోళమంతా ఒకేసారి వేసవి రావాలి. విమానం రెక్క పైనా కిందా పోయే గాలి చివర ఒకేసారి కలుసుకుంటుందని చెప్పారా? నాలుక మీద తీపి ఇక్కడ, చేదు అక్కడ అని పటం గీశారా? ఈ రెండూ తప్పే. ఇలాంటి నాలుగైదు చోట్ల జారినవాళ్లు మిగతాచోట్ల కూడా జారతారు. ఈ పరీక్షకు పావుగంట పట్టదు. ఇంకొకటి, ఎవరు చేశారో, ఎప్పుడు మార్చారో, తప్పు ఉంటే ఎవరికి చెప్పాలో రాసి ఉందేమో చూడండి. ఏదీ లేకపోతే ఎంత అందంగా ఉన్నా మూసేయండి.

చాట్‌బాట్‌ను అడుగుతున్నానని మధ్యలో ఒక వాక్యం రాశారు. అడగండి, తప్పు లేదు. అది ఇచ్చే లింకులు మాత్రం ఒక్కొక్కటీ తెరిచి చూశాకే దాచుకోండి, అసలు లేని పేజీలకు కూడా అది ధైర్యంగా చిరునామా ఇస్తుంది.

వెతికేటప్పుడు ఇంగ్లీషు పదాలతో వెతకక తప్పదు, నిజమే. కానీ పాఠం పేరు కాక, పిల్లల అపోహను పదాల్లో పెట్టండి. సిమ్యులేషన్ అన్న మాట చేరిస్తే వీడియోలు తగ్గుతాయి. ఫైల్‌టైప్ అని కొట్టి కోలన్ పెట్టి పక్కనే పీడీఎఫ్ అని రాస్తే ముద్రించుకోగల వర్క్‌షీట్లు పైకి వస్తాయి. బొమ్మల కోసమైతే గూగుల్ ఇమేజెస్‌లో టూల్స్ అన్నచోట వాడుక హక్కులు అని ఒక ఎంపిక ఉంటుంది, దానిలో క్రియేటివ్ కామన్స్ ఎంచుకోండి. వికీమీడియా కామన్స్ అనే ఉచిత బొమ్మల భాండారంలో నేరుగా వెతికితే ఇంకా మంచిది.

ఆ క్రియేటివ్ కామన్స్ అన్న మాట దగ్గరే మీ తోటి మాస్టారి సంగతి చెప్పాలి.

ఆయన అన్న తీరు బాగాలేదు. నలుగురిలో అనాల్సిన మాట కాదు. కానీ కోపం చల్లారాక ఆలోచించండి, ఆయన మాటలో సగం నిజం ఉంది. ఉచితంగా చూడనివ్వడం వేరు, ఉచితంగా తీసుకుపొమ్మనడం వేరు. నెట్‌లో కనిపించే బొమ్మల్లో చాలావాటికి యజమానులు ఉన్నారు. చూడవచ్చు, లింకు పంపవచ్చు, మన స్లైడులో అతికించి పదిమందికి పంచడానికి మాత్రం వాళ్ల అనుమతి కావాలి. కొందరు ఆ అనుమతిని ముందే రాసి పెడతారు. 2002 చివర్లో వచ్చిన క్రియేటివ్ కామన్స్ లైసెన్సులు అలాంటివి. బొమ్మ కింద చిన్న అక్షరాల్లో ఉంటాయి. సీసీ బై అని ఉంటే, చేసినవాళ్ల పేరు చెప్పి ఎలాగైనా వాడుకోవచ్చు. పక్కన ఎస్‌ఏ ఉంటే, మీరు మార్చి పంచేది కూడా అదే షరతు మీద పంచాలి. ఎన్‌సీ ఉంటే వ్యాపారానికి వాడకూడదు. ఎన్‌డీ ఉంటే మార్చి పంచకూడదు. ఈ చివరిది మీకు ముఖ్యం. ఇంగ్లీషు పేర్లు చెరిపి తెలుగులో రాయడం కూడా మార్పు కిందికే వస్తుంది. కాబట్టి ఎన్‌డీ ఉన్న బొమ్మను తెలుగు చేసి గ్రూపులో పెట్టకండి. నాసా తీసిన ఫొటోలకు మామూలుగా ఈ బాధ లేదు, వాళ్ల పేరు చెబితే చాలు, వాళ్ల లోగో మాత్రం మన ఇష్టానికి వాడకూడదు. యూట్యూబ్ వీడియోలు దించుకుని పంచడం కంటే లింకు ఇవ్వడమే పద్ధతి.

మీరు చేయాల్సింది పెద్ద పనేం కాదు. ప్రతి స్లైడు అడుగున ఒక వరుస: బొమ్మ పేరు, చేసినవారు, ఎక్కడిది, ఏ లైసెన్సు. తెలుగు చేసింది మీరైతే 'తెలుగు చేసినది' అని మీ పేరు వేసుకోండి, ఆ శ్రమ మీదే కదా, దాచుకోవాల్సిన పని లేదు. పాత స్లైడ్లన్నీ కూర్చుని దిద్దుకోవచ్చు, నాలుగైదు ఆదివారాలు పోతాయి. లేదా అవి గ్రూపులోంచి తీసేసి, ఈ రోజు నుంచి కొత్తవి సరిగ్గా చేసుకోవచ్చు. అప్పుడు మీ రెండేళ్ల శ్రమ కొంత వృథా అవుతుంది. రెండింట్లో ఏది తక్కువ కష్టమో మీకే తెలుస్తుంది. ఏదీ చేయకుండా కొనసాగితే మాత్రం ఈసారి అనేవాళ్లు ఇంకా గట్టిగా అంటారు, అప్పుడు మీ దగ్గర జవాబు ఉండదు.

ఇంకో మాట. ఇలా తప్పు పట్టే కన్ను ఉన్న మనిషి పక్కన ఉండటం మీకు లాభమే. ఇద్దరూ చెరో రెండు పాఠాలు పంచుకుని, ఒకరు వెతికింది ఇంకొకరు సరిచూసే ఏర్పాటు చేసుకుంటే మీ రాత్రి పని సగమవుతుంది. ఆ చంద్రుడి వీడియో ఆయన కంట పడి ఉంటే క్లాసు దాకా వచ్చేదే కాదేమో. కాకపోతే ఆయన మాట తీరు మారుతుందన్న భరోసా లేదు. ప్రతి వారం ఆ వ్యంగ్యం భరించే ఓపిక మీకు లేకపోతే, వేరే స్కూలు టీచర్ ఎవరితోనైనా ఫోన్ మీద ఈ ఏర్పాటు చేసుకోండి. అంత తొందరగా జరగదు గానీ మనశ్శాంతి ఉంటుంది.

నెట్ రాకపోకల గురించి రాశారు. దీనికి ఉపాయాలు ఉన్నాయి. కివిక్స్ అన్నది వికీపీడియా లాంటివాటిని మొత్తంగానో కొంత భాగంగానో దించుకుని నెట్ లేకుండా చదువుకోనిస్తుంది. కొలిబ్రీ అన్నది ఒక కంప్యూటర్‌లో పాఠాలు నింపుకుని, అదే గదిలోని మిగతా కంప్యూటర్లకు నెట్ లేకుండానే అందించగలదు. రెండూ ఉచితమే. మొదటిసారి ఎక్కించుకోవడానికి మంచి నెట్, ఖాళీ ఉన్న డిస్కు, రెండు మూడు గంటల ఓపిక కావాలి. మీకు అంత తీరిక లేకపోతే, వారానికి కావలసిన రెండు సిమ్యులేషన్లు ఇంటి దగ్గర పెన్‌డ్రైవ్‌లో వేసుకుని వెళ్లండి. నేనైతే అదే చేస్తాను.

హెడ్‌మాస్టర్ గారికి ప్రొజెక్టర్ ముట్టుకోనని చెప్పేస్తానన్నారు. చెప్పవచ్చు. ఒకటి రెండు నెలలు హాయిగా ఉంటుంది. ఆ తర్వాత ఆ యంత్రం ఇంకెవరి చేతికో పోతుంది, మీకు నిజంగా కావాల్సిన రోజున దొరకదు. ఆయనతో గొడవ పడకుండా ఆయన మాటా పూర్తిగా వినకుండా ఉండే దారి ఇంకొకటి ఉంది. ప్రతి పీరియడ్‌లో కాక, వారానికి రెండుసార్లు చూపిస్తానని చెప్పండి. ఏ పాఠంలో, పిల్లల ఏ పొరపాటు కోసం, ఏం చూపించారో, ముందు ఎంతమంది తప్పు రాశారో, తర్వాత ఎంతమంది సరిగ్గా రాశారో ఒక నోటుబుక్కులో రాసి చూపించండి. ఆయనకు కావాల్సింది చూపించడానికి ఏదో ఒకటి. నోటుబుక్కు కూడా చూపించదగ్గదే. ఒప్పుకోకపోతే? అప్పుడు మిగతా పీరియడ్లలో తెర మీద ఒకే ఒక ఫొటో పెట్టి, 'ఇందులో ఏం కనిపిస్తోంది?' అని అడగండి. రాత్రంతా వెతకక్కర్లేదు.

పిల్లల చేతే వెతికించాలన్న ఆలోచన మీకు వచ్చిందో లేదో. పై తరగతివాళ్లకు ఒక ప్రశ్న ఇచ్చి, రెండు చోట్ల వెతికి, రెండూ ఒకే మాట చెబుతున్నాయా, వేరువేరుగా చెబితే ఏది నమ్మాలి, ఎందుకు, అని రాసి తెమ్మనవచ్చు. టైము పడుతుంది, సిలబస్ కాస్త వెనకబడుతుంది, ఫోను లేని పిల్లలు చిన్నబుచ్చుకుంటారు. అందుకే ఇంటికి ఇవ్వకుండా స్కూల్లోనే జట్లుగా చేయించాలి. పిల్లల పేర్లు, ఫోను నంబర్లు అడిగే సైట్లలోకి మాత్రం వాళ్లను పంపవద్దు. నెలకు ఒకసారి చేసినా సరే.

నాకు భలే ఇష్టమైన ఒక సంగతి ఉంది. గెలాక్సీల ఫొటోలు చూసి ఆకారాన్ని బట్టి విడదీసే పనిని 2007లో ఖగోళ శాస్త్రవేత్తలు మామూలు జనానికి ఇచ్చారు, గెలాక్సీ జూ అని. ఆ ఏడాదే నెదర్లాండ్స్‌లో ఒక స్కూలు టీచర్, హానీ వాన్ ఆర్కెల్, ఒక ఫొటోలో గెలాక్సీ పక్కన వింత మరక చూసి, ఇదేమిటి అని అడిగారు. శాస్త్రవేత్తలకూ తెలియదు. ఒక క్వేజార్ (గెలాక్సీ నడుమ విపరీతంగా వెలిగే కేంద్రం) వెలుగు పడి మెరుస్తున్న పెద్ద వాయుమేఘం అని తర్వాత తేలింది. దానికి ఆవిడ పేరే పెట్టారు. ఆ పద్ధతే పెరిగి జూనివర్స్ అయింది. ఇప్పుడు అక్కడ జంతువుల ఫొటోల దగ్గర్నుంచి నక్షత్రాల దాకా పిల్లలు కూడా చేయగల పనులు ఉంటాయి. ఇంగ్లీషు అడ్డమే, కానీ చాలా పనుల్లో చూసి గుర్తుపట్టడమే తప్ప చదవాల్సింది తక్కువ. ముందు మీరొక్కరే ఓ గంట చేసి చూడండి, మీ పిల్లలకు సరిపోతుందో లేదో తెలిసిపోతుంది.

ఈ నాలుగు వందల లింకులు ఏం చేయాలంటారా? వారం రోజులు తెరవకండి. ఆ వారంలో మీకు గుర్తొచ్చినవి ఏమైనా ఉంటే అవి మాత్రం ఉంచుకోండి. మిగతావి తీసేయడానికి చేయి రాకపోతే ఒక ఫోల్డర్‌లో పడేసి పక్కన పెట్టండి. రాత్రి పదిన్నరకు ల్యాప్‌టాప్ మూసేయండి. పాఠం మీరు చెబుతున్నారా గూగుల్ చెబుతోందా అన్న ప్రశ్నకు జవాబు మీవారికి ఇవ్వాల్సిన పని లేదు.

ఒక్కటి మీ ఉత్తరంలో వెతికినా దొరకలేదు. పగలు సూర్యుడు ఉండగానే సగం చంద్రుడు కనిపిస్తాడన్న సంగతి పుస్తకంలో చదివేవాళ్లు తక్కువ, తలెత్తి చూసేవాళ్లు ఇంకా తక్కువ. ఆ అబ్బాయికి ఎలా తెలిసింది? బంతులు చేతికి ఇచ్చే ముందు వాణ్ణి అడగండి.